ఇంటెల్ ప్రాసెసర్ పేరులో ‘ఐ’ పోయింది, లోపల మాత్రం అదే: ఈ సీజన్ ల్యాప్‌టాప్‌ల గురించి మా కస్టమర్లకు

నమస్కారం. హన్మకొండలో మా షాపుకి వచ్చే అందరికీ ఇది రాస్తున్నాను. ముఖ్యంగా 2025 మే నెల నుంచి మా దగ్గర కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నవాళ్లు, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయ్యాక తీసుకుందామని ఆగినవాళ్లు చదవాలి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. మీ డబ్బుకి సంబంధించిన విషయం కాబట్టి ఓపిక పట్టండి.

మేలో సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ మార్కెట్) నుంచి కొత్త సరుకు తెచ్చినప్పుడు నేను వాట్సాప్ స్టేటస్‌లో ఒక మాట పెట్టాను: ‘2025 మోడల్, కొత్త ప్రాసెసర్, వచ్చేసింది’ అని. ఆ రోజు నుంచి ఫోన్లు ఆగలేదు. సీజన్‌లో అలాంటి మాట ఎంత పనిచేస్తుందో నాకు తెలుసు. ఆ స్టేటస్ ఇప్పుడు తీసేశాను. ఎందుకో చెబుతాను.

మొదట వచ్చిన ప్రశ్న పిల్లల దగ్గర నుంచి కాదు, తండ్రుల దగ్గర నుంచి వచ్చింది. నర్సంపేట నుంచి ఒకాయన కొడుకుని తీసుకుని వచ్చారు. కాలేజీ సీనియర్లు ఇచ్చిన చీటీ చేతిలో ఉంది: ఐ5, 12వ జనరేషన్ లేదా ఆపైన, 16 జీబీ ర్యామ్. బాక్స్ మీద చూస్తే ‘కోర్ 5 120యూ’ అని ఉంది. ఐ లేదు, జనరేషన్ లేదు. ఆయన బాక్స్‌ని నాలుగు వైపులా తిప్పి చూసి, ‘ఐ ఎటు పోయింది సార్? ఇది డూప్లికేట్ కాదు కదా?’ అని అడిగారు. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. పదిహేనేళ్లుగా ఐ3, ఐ5, ఐ7 అని మనందరి నోటికీ అలవాటు చేసింది ఇంటెల్ కంపెనీయే. 2023 జూన్‌లో ఆ ‘ఐ’ అక్షరం తీసేస్తున్నామని వాళ్లే ప్రకటించారు. అసలు సరుకే, భయపడాల్సింది లేదని చెప్పాను. ‘అయితే చీటీలో ఉన్నదానికంటే ఇది ఎక్కువా, తక్కువా?’ అని అడిగారు. ‘ఎక్కువే సార్, కొత్తది కదా’ అన్నాను. ఎంత ఎక్కువో నేను చూసుకుని చెప్పిన మాట కాదది.

ఆ తర్వాత వారానికి, నాకు చాలాకాలంగా తెలిసిన ఫొటో స్టూడియో అన్న వచ్చాడు. పెళ్లి ఆల్బమ్‌లు, చిన్న చిన్న వీడియోలు చేస్తాడు. 2023లో మా దగ్గరే ఐ5-1335యూ ఉన్న మెషీన్ తీసుకున్నాడు. నా స్టేటస్ చూసి, పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి, పైన డబ్బు కట్టి కొత్తది తీసుకెళ్లాడు. ఎనిమిదో రోజు బ్యాగుతో సహా తిరిగి వచ్చాడు. కోపంగా కూడా లేడు. ‘తమ్మీ, నాకేం తేడా తెలుస్తలేదు. నేనే ఏదైనా సరిగ్గా వాడతలేనా?’ అన్నాడు. ఆ మాట నన్ను బాగా కష్టపెట్టింది. నా మాట నమ్మి డబ్బు కట్టిన మనిషి, తప్పు తనదేమో అనుకుంటున్నాడు.

అదృష్టం కొద్దీ ఆయన పాత మెషీన్ ఇంకా అమ్ముడుపోలేదు. ఆ రాత్రి షట్టర్ సగం దించి, రెండింటి వెనక మూతలూ తీసి టేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. ఫ్యాన్ అదే, ప్రాసెసర్ మీది రాగి పట్టీ అదే, బ్యాటరీ మీద వాట్-అవర్ల అంకె కూడా అదే. ర్యామ్ స్లాట్లు రెండు, రెండింట్లోనూ ఒక స్లాట్ ఖాళీ. పాతదాని ఫ్యాన్ రెక్కలకి రెండేళ్ల దుమ్ము పట్టి ఉంది, కొత్తదానికి లేదు. తేడా ఏదీ అంటే చూపించడానికి నాకు దొరికింది అదొక్కటే. ఆయన ఇచ్చిన ఒకే పెళ్లి వీడియోని రెండింట్లోనూ ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయ్యాక ఫైనల్ ఫైల్‌గా తీయడం) పెట్టాను. కొత్తది ముందు ముగించింది, నిజమే. ఆ తేడా సెకన్లలో ఉంది, నిమిషాల్లో లేదు.

అప్పుడు కూర్చుని ప్రాసెసర్ వివరాలు వరసగా చూశాను. 2022లో వచ్చిన ఐ5-1235యూలో పది కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే విభాగాలు): రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు), టర్బో వేగం (కొద్దిసేపు అందుకోగల గరిష్ఠ వేగం) 4.4 గిగాహెర్ట్జ్. 2023లో వచ్చిన ఐ5-1335యూలో అవే పది కోర్లు, టర్బో 4.6. 2024లో వచ్చిన కోర్ 5 120యూలో మళ్లీ అవే పది కోర్లు, టర్బో 5.0. 2025లో వచ్చిన కోర్ 5 220యూలోనూ అవే కోర్లు, అదే 5.0. నాలుగింటికీ 12 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ), నాలుగూ 15 వాట్ల రకం, నాలుగూ ఇంటెల్ 7 అనే ఒకే తయారీ పద్ధతిలో వచ్చినవి. నాలుగేళ్లలో నాలుగు పేర్లు వచ్చాయి. ఇందులో దాపరికం ఏమీ లేదు, కంపెనీ సైట్‌లో అందరికీ కనిపించేలానే ఉంది. అమ్మే ముందు చదవాల్సిన పని నాది. చదవలేదు.

4.6 నుంచి 5.0 అంటే కాగితం మీద తొమ్మిది శాతం దాకా కనిపిస్తుంది. ఆ 5.0 అంకె పెద్ద కోర్లది, అదీ కొద్దిసేపే. పల్చటి బాడీలో ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. పని ఎక్కువసేపు సాగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బ్రౌజర్ తెరవడం, ఫైల్ ఓపెన్ చేయడం లాంటి పొట్టి పనుల్లో ఆ 5.0 కాస్త పనికొస్తుంది. అరగంట ఎక్స్‌పోర్ట్‌లో పాతదీ కొత్తదీ దాదాపు ఒకే చోటికి చేరతాయి. నిజంగా వేరే డిజైన్ కావాలంటే 2023 డిసెంబరులో మొదలైన ‘కోర్ అల్ట్రా’ వరస ఉంది. అది వేరే సంగతి, రేటు కూడా వేరే.

ఇదే సరుకు తీసుకుని ఎంతో సంతోషపడినవాళ్లూ ఉన్నారు. హసన్‌పర్తి వైపు నుంచి వచ్చే ఒక టీచరమ్మ దగ్గర 2017 నాటి ఐ5-7200యూ ఉండేది. అందులో కోర్లు రెండే. స్కూలు లెక్కలు, పిల్లల మార్కుల షీట్లు అన్నీ దాని మీదే నడిపించారు. ఆమె కొత్తది తీసుకెళ్లిన మర్నాడే ఫోన్ చేసి, ‘బాబూ, ఇది ఇట్ల పెట్టంగనే అట్ల తెరుచుకుంటుంది’ అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు విషయం అర్థమైంది. మెషీన్ ఒకటే. స్టూడియో అన్న రెండేళ్ల నాటిదాని నుంచి వచ్చాడు, ఆమె ఎనిమిదేళ్ల నాటిదాని నుంచి వచ్చారు. మీరు ఇప్పుడు ఏది వాడుతున్నారో అడగకుండా ‘కొత్తది మంచిది’ అని నేను చెప్పకూడదు. ఇకపై మా షాపులో మొదట అడిగేది అదే.

ఇంత చిన్న మార్పుకి కొత్త పేరు పెట్టడం మోసం అనే కోపంతో వచ్చిన తమ్ముళ్లకి ఒక మాట చెప్పాలి. మార్పు చిన్నదైనా రేటు దానికి తగ్గట్టు ఉంటే జనం సంతోషంగానే తీసుకుంటారు. యాపిల్ వాళ్ల మాక్‌బుక్ ఎయిర్ చూడండి. 2022లో వచ్చిన బాడీనే తర్వాతి మోడళ్లకీ వాడారు. 2024 మార్చిలో ఎం3 చిప్‌తో వచ్చినప్పుడు మన దగ్గర రేటు 1,14,900 నుంచి మొదలైంది, ర్యామ్ 8 జీబీయే. 2025 మార్చిలో ఎం4తో వచ్చినప్పుడు 99,900, ర్యామ్ 16 జీబీ, కెమెరా కూడా మెరుగుపడింది. చూడ్డానికి ఒక కొత్త రంగు తప్ప తేడా లేదు. అయినా మా కౌంటర్ దగ్గర ‘ఇంతేనా?’ అన్నవాళ్లు దాదాపు లేరు. మనం అమ్మే యాభై, అరవై వేల మెషీన్లలో పేరు మారింది, రేటు తగ్గలేదు. మీ కోపం అక్కడే, అందులో న్యాయం ఉంది.

స్టూడియో అన్న కథ ఎలా ముగిసిందో చెప్పాలి. కొత్తది వెనక్కి తీసుకుని ఆయన కట్టిన పైకం మొత్తం ఇచ్చేశాను, పాతది ఆయనకే ఇచ్చాను. వాడిన పీస్‌గా అమ్మాల్సి వచ్చింది కాబట్టి నాకు నాలుగు వేల పైచిలుకు పోయింది. అది నేను భరించాల్సిందే. తర్వాత ఆయన పాతదానికే ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ ర్యామ్ వేశాం. ఒకే స్టిక్ ఉన్నప్పుడు గ్రాఫిక్స్ పేరు ‘యూహెచ్‌డీ’ అని చూపించేది. రెండో స్టిక్ పెట్టి ఆన్ చేయగానే అదే చోట ‘ఐరిస్ ఎక్స్‌ఈ’ అని వచ్చింది. ర్యామ్ రెండు దారుల్లో నడిస్తేనే లోపలి గ్రాఫిక్స్ పూర్తి బలంతో పనిచేస్తుంది. అన్న దగ్గరికి జరిగి స్క్రీన్ చూసి, ‘రెండేళ్ల నుంచి ఇది లోపలే ఉన్నదా?’ అన్నాడు. ఉంది. 2023లో అమ్మేటప్పుడే నేను చెప్పి ఉండాల్సింది.

ఆయన అసలు ఇబ్బంది ఇంకొకటి. పెళ్లికూతురి పట్టుచీర కుంకుమ రంగుది. ఆయన స్క్రీన్ మీద అది ఇటుక రంగులో కనిపిస్తోంది. అలా అనుకుని ఎరుపు పెంచుతాడు, ప్రింట్‌లో మరీ ముదురుగా వస్తుంది, కస్టమర్ దగ్గర మాట పడుతుంది. అది ప్రాసెసర్ జబ్బు కాదు. ఆ స్క్రీన్ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) రకం, రంగులు పూర్తిగా చూపించలేదు. మన బడ్జెట్‌లో వచ్చేవాటిలో చాలా వరకు ఇదే స్క్రీన్. నేను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చిన కొత్తదానికీ అదే ఉంది! ఆయన ఎక్స్‌టర్నల్ మానిటర్ తీసుకుంటానన్నాడు. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే) రకం చూసి పెడతానని మాట ఇచ్చాను. ఫొటోలు, డిజైన్, డీటీపీ చేసేవాళ్లు షాపుకి వచ్చి ప్రాసెసర్ పేరు అడిగే ముందు ఈ రంగుల శాతం అడగండి.

ఇంటెల్ కాకుండా ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ ఉన్నది తీసుకునేవాళ్లు ఒక అంకె జాగ్రత్తగా చూడండి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. చదివితే అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదాంట్లో నాలుగు కోర్లు, జెన్ 2 అనే పాత డిజైన్. రెండోదాంట్లో ఆరు కోర్లు, జెన్ 3 డిజైన్. ఆ పేరులో మూడో అంకె డిజైన్‌ని చెబుతుంది. పైగా 7520యూ మెషీన్లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచలేం. నాలుగేళ్ల కోర్సుకి 8 జీబీతో దాన్ని తీసుకోవద్దని మా పిల్లలకి చెప్పినట్టే మీ పిల్లలకీ చెబుతున్నాం.

విండోస్ 10 గురించి కూడా టెన్షన్‌తో చాలామంది అడుగుతున్నారు. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. దానికోసం అందరూ కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిన పని లేదు. ఇంటెల్ 8వ జనరేషన్, ఆపైన ఉన్న మెషీన్లలో చాలా వరకు విండోస్ 11 ఉచితంగా ఎక్కుతుంది. తీసుకురండి, చూసి చెబుతాం. డేటా బ్యాకప్‌కి మాత్రం మీ హార్డ్ డిస్క్ తెచ్చుకోండి. ఆ టీచరమ్మ లాగా 7వ జనరేషన్, అంతకంటే పాతది ఉన్నవాళ్లకే కొత్తది తీసుకోమని చెబుతాను.

ఇక మేము చేసేది. మే 1 నుంచి నా స్టేటస్ చూసి, 12వ లేదా 13వ జనరేషన్ ఐ5 ఇచ్చి ఎక్స్‌చేంజ్‌లో కోర్ 5 తీసుకున్నవాళ్లు ఇంకా ఐదుగురు ఉన్నారు. మీకు నేనే ఫోన్ చేస్తాను. పాత మెషీన్ మా దగ్గర ఉంటే స్టూడియో అన్నకి చేసినట్టే చేస్తాను. అది అమ్ముడుపోయి ఉంటే, మీ కొత్తదానికి రెండో ర్యామ్ స్టిక్ నా ఖర్చుతో వేస్తాను. ఐ5-1335యూ పీసులు మా దగ్గర కొన్ని మిగిలి ఉన్నాయి, డబ్బా కూడా విప్పనివి. ‘పాత మోడల్’ అని ఎవరూ ముట్టుకోవడం లేదు. వాటి మీద మూడు వేలు తగ్గిస్తున్నాను. ఆ మూడు వేలు ర్యామ్‌కి పెడితే కాలేజీ పిల్లలకి ఈ ఏడాది నేను చెప్పగలిగిన మంచి బేరం అదే. నర్సంపేట సార్‌కి ఫోన్ చేసి ఇదే చెప్పాను. వాళ్ల అబ్బాయిది ఎలాగూ మొదటి ల్యాప్‌టాప్, ర్యామ్ కూడా చీటీలో రాసినట్టే 16 జీబీ, తీసుకున్నది సరిపోతుంది. ఆయన మాత్రం ‘మొదలే చెప్పవలసింది’ అన్నారు. అవును.

రేట్ల బోర్డు మీద ఇకనుంచి ప్రాసెసర్ పూర్తి పేరు, అది మార్కెట్‌లోకి వచ్చిన సంవత్సరం, ర్యామ్ పెంచొచ్చా లేదా, స్క్రీన్ రకం రాసి ఉంటాయి. బోర్డు రాసే అబ్బాయి ఆదివారం వస్తున్నాడు. అప్పటిదాకా మూతలు తీసిన రెండు మెషీన్లు, ఒకటి 1335యూ, ఒకటి 120యూ, కౌంటర్ మీద అద్దం కింద పెట్టాను. కొనేది లేకపోయినా వచ్చి చూడండి. రోజూ పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా నేను షాపులోనే ఉంటాను.