‘3+’ అని చూసి నేను ఇంకో తల్లికి మాటిచ్చాను

తేదీ: 16 ఫిబ్రవరి 2026

గ్రీవెన్స్ అధికారి గారికి,

విషయం: మీ కుక్కపిల్లల ఆటలో చిన్నపిల్లలతో అపరిచితుల చాటింగ్, ఒక కుటుంబం నుంచి వసూలైన రూ. 1,891, తల్లిదండ్రులకు ముందుగా చెప్పని సంగతులు – ఫిర్యాదు.

అయ్యా/అమ్మా,

నేను నంద్యాల జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. నాకు నాలుగో తరగతి చదివే కూతురుంది. మీ కస్టమర్ సపోర్టుకు ఇప్పటికి మూడు మెయిళ్లు పెట్టాను. మూడింటికీ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు వచ్చింది, అదీ ఇంగ్లీషులో. కొనుగోలు అయ్యాక డబ్బు వెనక్కి రాదని, ఆట ఆడుతున్నందుకు ధన్యవాదాలని. చాట్ గురించి నేను రాసిన దానికి ఒక్క ముక్క సమాధానం లేదు. అందుకే జరిగిందంతా మొదటినుంచి మళ్లీ రాస్తున్నాను.

డిసెంబరులో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు, భోజనాలయ్యాక ఒక తల్లి ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పత్తి కూలికి పోయే మనిషి, భర్త ఆటో నడుపుతాడు. “మేడమ్, మా వోడు ఈ ఆట కావాలని ఒకటే గోల పెడ్తాండాడు. మంచిదేనా, సూసి సెప్పండి” అంది. నేను ప్లే స్టోర్‌లో మీ పేజీ తెరిచాను. వయసు దగ్గర 3+ అని ఉంది. బొమ్మల్లో కుక్కపిల్లలు, చిన్న ఇల్లు, పూలమొక్కలు. అంతకుముందు ఆదివారమే మా పాప పక్కన కూర్చుని ఆ ఆటను పావుగంట చూసి ఉన్నాను. కుక్కపిల్లకు స్నానం చేయించడం, అన్నం పెట్టడం, ఇల్లు సర్దడం తప్ప ఏమీ లేదు. తుపాకుల్లేవు, రక్తం లేదు. “ఏం ఫర్వాలేదమ్మా, పెట్టియ్యి, మా పాప కూడా ఆడుతోంది” అని చెప్పాను.

ఆ మాట ఇచ్చింది నేను. నా చేత ఇప్పించింది మీ పేజీ.

జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం నేను పప్పు తాలింపు వేస్తుంటే పాప వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. “అమ్మా, నాకొక ఫోటో తీస్తావా? యూనిఫాంలో బాగుంటానా, పట్టులంగాలోనా?” అని అడిగింది. ఎందుకమ్మా అంటే, “క్లబ్బులో అక్క అడిగింది, పంపితే 500 వజ్రాలు గిఫ్ట్ ఇస్తానంది” అంది. స్టవ్ కట్టేసి ఫోన్ తీసుకున్నాను. ఆ అక్క ఎవరో, అక్కో కాదో కూడా ఈరోజుకీ నాకు తెలియదు. ప్రొఫైల్లో తెల్ల కుక్కపిల్ల బొమ్మ ఉంది. నాలుగు రోజులుగా నడుస్తున్న మాటలవి. ఏ క్లాసు, ఏ ఊరు, అమ్మ ఎన్నింటికి వస్తుంది, ఫోన్ ఎవరిది, ఒక్కదానివే ఉన్నప్పుడు చెప్పు. మా పాప అన్నింటికీ బుద్ధిగా జవాబిచ్చింది, క్లాసులో టీచర్ అడిగితే చెప్పినట్టు. ఊరి పేరు కూడా స్పెల్లింగ్ తప్పు లేకుండా రాసింది.

ఆదివారం నేను చూసినప్పుడు ఈ చాట్ ఎక్కడుంది? ఆట మొత్తం నేను మళ్లీ మొదటినుంచి ఆడి చూశాను, కొత్త ఖాతాతో, రాత్రి పాప పడుకున్నాక. చాట్ ఉన్న క్లబ్బు 12వ లెవెల్‌లో తెరుచుకుంటుంది. అక్కడికి చేరడానికి నాకు ఆరు రాత్రులు పట్టింది. సర్‌ప్రైజ్ పెట్టెలు, అంటే ఏమొస్తుందో తెలియకుండా కొనేవి, 9వ లెవెల్‌లో వస్తాయి. ఏ తల్లి, ఏ తండ్రి ఒక పిల్లల ఆటను వారం రోజులు ఆడి పరీక్షిస్తారు? పిల్లల మేలు కోరి పక్కన కూర్చుని చూసేవాళ్లకు కూడా కనిపించని చోట అసలు సంగతి పెట్టారు. నా ఫిర్యాదులో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే.

3+ గురించి కూడా తెలుసుకున్నాను. మన దేశంలో ప్లే స్టోర్‌లో కనిపించే ఆ అంకె ఐఏఆర్‌సీ (ఆటలకు, యాప్‌లకు వయసు రేటింగ్ ఇచ్చే అంతర్జాతీయ కూటమి) పద్ధతిలో వస్తుంది. ఆట చేసినవాళ్లు ఒక ప్రశ్నపత్రం నింపితే, ఆ జవాబుల్ని బట్టి 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు పడుతుంది. ఆ వయసు ప్రధానంగా హింస, భయం, బూతులు, జూదం వంటి వాటిని లెక్కలోకి తీసుకుంటుంది. ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చా, డబ్బుపెట్టి కొనే వస్తువులున్నాయా, ఏమొస్తుందో తెలియని పెట్టెలు అమ్ముతారా అన్నవి వేరే ప్రశ్నలు. వాటి జవాబులు వయసు పక్కన చిన్న అక్షరాల్లో విడిగా రావాలి. మీ పేజీలో ‘ఇన్-గేమ్ పర్చేజెస్’ అన్న ఒక్క ముక్కే ఉంది. చాట్ మాట లేదు, పెట్టెల మాట లేదు. ప్రశ్నపత్రంలో ఆ రెండింటికీ మీరు ఏం జవాబు రాశారో నాకు రాతపూర్వకంగా చెప్పండి. ప్లే స్టోర్ పేజీలో, ఆట ఏ సమాచారం తీసుకుంటుందో చెప్పే డేటా సేఫ్టీ భాగంలో రాసే సంగతులు కూడా కంపెనీ స్వయంగా చెప్పుకునేవే కాబట్టి, అందులో మీరు రాసినది కూడా.

వయసు అడిగే తీరు మరీ దారుణం. ఆట మొదట్లో పుట్టిన సంవత్సరం తిప్పే చక్రం వస్తుంది. అది ముందుగానే 1998 దగ్గర ఆగి ఉంటుంది, కింద ‘సరే’ మెరుస్తుంటుంది. మా పాప ‘సరే’ నొక్కింది. మా బడిలో ఏ పిల్లాడిని అడిగినా అదే చేశామన్నారు. మీ రికార్డుల్లో మా నాలుగో తరగతి పిల్లకు 28 ఏళ్లు. పెద్దవాళ్ల ఆటలా చాట్, ప్రకటనలు అన్నీ తెరిచి పెట్టడానికి ఆ ఒక్క నొక్కు సరిపోయింది.

ఇక ఆ తల్లి డబ్బు సంగతి. సంక్రాంతి సెలవుల్లో వాళ్లబ్బాయి మూడు రాత్రుల్లో తొమ్మిదిసార్లు కొన్నాడు. 89 రూపాయలవి ఐదు, 249వి మూడు, 699ది ఒకటి. మొత్తం 1,891. ఆమెకు అది ఐదారు రోజుల కూలి. పిన్ కొట్టాక డబ్బు పోయింది కాబట్టి అది పెద్దవాళ్ల అనుమతే అని మీరు అనవచ్చు. మా దగ్గర ఇళ్లలో ఏం జరుగుతుందో వినండి. ఆ తండ్రికి ఇంగ్లీషు అక్షరాలు రావు. గ్యాస్ బుక్ చేయాలన్నా, రీఛార్జ్ వేయాలన్నా కొడుకే వేసిపెడతాడు, పిన్ కూడా వాడే కొడతాడు. అలాంటి ఇళ్లు నా తరగతిలోనే చాలా ఉన్నాయి. మైనరు ఒప్పందం చేసుకోవడానికి అర్హుడు కాడని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ చెబుతోంది, అలాంటి ఒప్పందం మొదలే చెల్లదని 1903లో మొహొరీ బీబీ కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. కొన్నది పిల్లాడని మీకు చెప్పిన తర్వాత కూడా ఆ డబ్బు ఉంచుకోవడం న్యాయం కాదు.

వాడు ఎందుకు కొన్నాడో కూడా నేను కూర్చోబెట్టి అడిగాను. తిట్టలేదు. “కుక్కపిల్ల ఏడ్సింది మేడమ్” అన్నాడు. కొత్త ఖాతాలో నేనూ చూశాను. దుకాణం వద్దని వెనక్కి నొక్కితే కుక్కపిల్ల కళ్లనిండా నీళ్లతో ‘నన్ను వదిలేసి వెళ్తావా?’ అంటుంది. పక్కన 04:59 నుంచి గడియారం దిగుతుంటుంది, ఈ ధర మళ్లీ రాదని. నేను అది సున్నాకు వచ్చేదాకా ఆగాను. ఆట మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ 04:59, అదే ధర. ఆ రాత్రి నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ అంతే. అబద్ధపు తొందర పెట్టడం, వద్దన్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాల్లో, 13 రకాల జాబితాలో ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లాడికి అది నిజమైన ఏడుపే. వాడు దయగల పిల్లాడు, బడి గేటు దగ్గర కుంటి కుక్కకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు సగం పెడతాడు. వాడి దయను మీరు 699 రూపాయలకు అమ్ముకున్నారు.

ఆటలో వాడే వజ్రాల కోసం చూసే వీడియోల్లో మా పాపకు లోన్ యాప్ ప్రకటన వచ్చింది. దాని గురించి ఇంతకంటే రాయను.

చాట్‌లో ఆ ఖాతా మీద రిపోర్ట్ కొట్టాను. కారణాల్లో స్పామ్, బూతు, మోసం, ఇతరం అని ఉన్నాయి. పిల్లల్ని ఫోటో అడిగారు అని చెప్పుకోవడానికి చోటే లేదు. ‘ఇతరం’ నొక్కి రాసి పంపాను. రెండు రోజుల తర్వాత అదే ఖాతా నుంచి ‘ఎక్కడున్నావ్’ అని వచ్చింది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేశాను, దాని నంబరు ఈ మెయిల్‌కు జతచేస్తున్నాను.

బయటి దేశాల్లో ఇలాంటివి ఊరికే పోలేదు. 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫోర్ట్‌నైట్ ఆట చేసిన ఎపిక్ గేమ్స్‌ను 52 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పించింది. 27.5 కోట్లు పిల్లల సమాచార రక్షణ చట్టం ఉల్లంఘనకు, 24.5 కోట్లు ఆడినవాళ్లకు వాపసు ఇవ్వడానికి. పిల్లలకు, టీనేజీ వాళ్లకు మాటల చాట్, రాతల చాట్ ముందుగానే తెరిచి పెట్టడం అక్కడి ప్రధాన ఆరోపణల్లో ఒకటి. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023లో 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగ్గ అనుమతి ఉండాలి, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబరులో వచ్చాయని, పూర్తి అమలుకు 18 నెలల గడువుందని మీరు అనవచ్చు. అప్పటికి మా పాప ఆరో తరగతికి వస్తుంది. ఇప్పుడు మూడో తరగతిలో ఉన్నవాళ్లు ఆ మధ్యలో మీ 12వ లెవెల్‌కు చేరుతూనే ఉంటారు.

నేను అడుగుతున్నవి ఇవి. ఆ కుటుంబానికి రూ. 1,891 వెంటనే వాపసు చేయండి. మా పాపతో మాట్లాడిన ఖాతాను మూసి, ఆ చాట్ రికార్డులను పోలీసుల కోసం భద్రపరచండి. అది కాక మా పాప గురించి మీ దగ్గరున్న సమాచారమంతా తీసేసి, తీసేశామని రాసి పంపండి. పెద్దవాళ్లు తెరిస్తే తప్ప చాట్ తెరుచుకోకుండా చేయండి, అపరిచితులు పిల్లలకు వజ్రాలు బహుమతిగా పంపే వీలు పూర్తిగా ఎత్తేయండి. ఎర చూపడానికి ఆ వీలే పనికొచ్చింది.

తల్లిదండ్రుల కోసం మీ పేజీలో మొదటనే, తెలుగులో, ఫోన్ తెర ఒక్కసారి జరిపితే అయిపోయేంత చిన్నగా ఒక వివరణ పెట్టండి. ఆటలో బయటివాళ్లు పిల్లలతో మాట్లాడగలరా, ఏ లెవెల్ నుంచి, దాన్ని ఎక్కడ ఆపాలి. డబ్బు ఎక్కడ అడుగుతారు, ఎక్కువలో ఎక్కువ ఒక్కసారికి ఎంత. పెట్టె కొంటే ఏమొస్తుందో ముందే తెలుస్తుందా. ఎలాంటి ప్రకటనలు వస్తాయి. పిల్లల గురించి ఏమేం దాచుకుంటారు. ఇవి రాయడానికి ఒక పూట చాలు. అవి ఉండుంటే ఆ రోజు మీటింగులో నేను ఫోన్ తిరిగిచ్చేసి, వద్దమ్మా అనేదాన్ని.

మీ ఆటలో జనం మాట్లాడుకునే చోటు నడుపుతున్నారు కాబట్టి 2021 ఐటీ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, ఆ నియమాల్లో ఉన్న గడువులోగా పరిష్కరించాలి. ఆ గడువు దాటితే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. పాప ఖాతా ఐడీ, చాట్ స్క్రీన్‌షాట్లు, గడియారం నాలుగుసార్లు మొదలైన వీడియో, తొమ్మిది చెల్లింపుల వివరాలు జతచేశాను.

ఆ తల్లి దగ్గరికి వెళ్లి నేను పొరపాటు చెప్పానని ఒప్పుకున్నాను. “మీకేం తెల్సు మేడమ్, దాని మీద రాసిందే గదా మీరు సెప్పినారు” అంది. ఆమెకు ఇంకా డబ్బు రాలేదు. మీ జవాబు ఈసారి తెలుగులో పంపండి. ఆమెకు చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ ఆట ఆడిన ఒక పాప తల్లి,
ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
నంద్యాల జిల్లా, ఆంధ్రప్రదేశ్.