అడిగింది ఒప్పంద పత్రమే కదా!

సంపాదకులు గారికి,

పోయిన బుధవారం మీ జిల్లా పేజీలో అడుగున, శ్రద్ధాంజలి ప్రకటనల పక్కన రెండు వేళ్లంత వార్త వేశారు. ‘వర్సిటీ గేటు ఎదుట ధర్నా, ట్రాఫిక్‌కు అంతరాయం’ అని శీర్షిక. ఆ పొద్దు మందులకని బయల్దేరిన నేను అక్కడే ఆగిపోయాను కాబట్టి రాస్తున్నాను. ధర్నాకు వచ్చినవాళ్లలో సగం మంది నా ఈడు వాళ్లే. మోకాళ్ల నొప్పులతో నిలబడలేక కల్వర్టు గోడ మీద కూర్చుని ప్లకార్డులు పట్టుకున్నారు. రోడ్డు జామైందంటే, వాళ్ల కోసం వచ్చిన రెండు పోలీసు బండ్లను అడ్డంగా ఆపడం వల్ల. ఇదే రోడ్డు మీద బరాత్‌లు గంటల తరబడి డీజే పెట్టి ఎగురుతుంటే మీ విలేకరికి అంతరాయం అన్న మాట గుర్తుకు రాదు.

సరే, వాళ్లు అడిగిందేమిటో మీ వార్తలో ఒక్క ముక్కైనా లేదు. ఆయుధాలకు పనికొచ్చే పరిశోధన ఈ ప్రాంగణంలో జరుగుతోందా? జరిగితే ఎవరి డబ్బుతో? చేసుకున్న ఒప్పందంలో ఏం రాసుకున్నారు? ఇంతే. దానికి పెద్ద సార్లు బయటికి రాలేదు. సెక్యూరిటీ గార్డును పంపి ‘మెయిల్ పెట్టుకోండి’ అనిపించారు. వినతిపత్రం పట్టుకుని ఒక పెద్దమ్మ గంటన్నర ఎండలో నిలబడింది. మర్నాడు ఒక నాయకుడేమో వీళ్లంతా దేశద్రోహులన్నాడు. ఆయుధాలు లేకనే ఓరుగల్లు కోట కూలిందని చరిత్ర కూడా చెప్పాడు! 1323లో ఆ కోట కూలకముందు, ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ మొదటి ముట్టడి ఎత్తేసి పోగానే, ఇక రాడనుకుని ప్రతాపరుద్రుడు ధాన్యపు కొట్టాలు ఖాళీ చేయించాడని, అదే కొంప ముంచిందని చరిత్రకారులంటారు. ఆ నాయకుడికి ఎవరైనా చెబితే బాగుండు.

నేను ఆయుధాలే వద్దనేవాణ్ణి కాదు. మా అక్క కొడుకు ఫౌజులో ఉన్నాడు. వాడి చేతిలో మంచి తుపాకీ ఉండాలనే కోరుకుంటాను. రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) 1958లో పెట్టారు, హైదరాబాదులో దాని ప్రయోగశాలలున్నాయి, వాటి పని అవి చేసుకుంటున్నాయి. కానీ యూనివర్సిటీ పని వేరు. అక్కడ పిల్లలు థీసిస్ రాయాలి, అచ్చు వేయాలి, నలుగురి ముందు పెట్టి ‘తప్పుంటే చెప్పండి’ అనాలి. ఆ పిల్లల పరిశోధనకే రహస్యమని తాళం వేస్తే వాళ్ల డిగ్రీ ఏమవుతుంది? అసలు తాము చేస్తున్న లెక్క ఏ క్షిపణి ముక్కులోకి పోతుందో వాళ్లకైనా తెలుసా?

రహస్యమంటే అదీ చూద్దాం. 2005 సమాచార హక్కు చట్టం సాధారణంగా వర్తించని సంస్థల జాబితా, అంటే దాని రెండో షెడ్యూలులో రక్షణ పరిశోధన సంస్థ పేరుంది, నిజమే. విశ్వవిద్యాలయాల పేర్లు లేవు. దేశ భద్రతకు ముప్పొచ్చే సంగతి ఉంటే అంతమేరకు తీసేసి మిగతాది ఇవ్వొచ్చని అదే చట్టం పదో సెక్షన్ చెబుతోంది. రెండు పేరాలు నల్లగా కొట్టేసి మిగిలిన కాగితం ఇస్తే ఏ శత్రువు వచ్చి మన మీద పడతాడు?

ఇవి ఏ పనీ లేనివాళ్ల గోల అనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1969 మార్చి 4న అధ్యాపకులు, విద్యార్థులు ఒక రోజు పరిశోధన ఆపేసి కూర్చున్నారు. క్షిపణుల గైడెన్స్ చేసే అక్కడి ప్రయోగశాలను 1973లో ఇనిస్టిట్యూట్ నుంచి విడదీశారు. ఆయుధాల పని ఆగలేదు, బోర్డు మారింది, అది వేరే సంగతి. జపాన్ సైన్స్ కౌన్సిల్ 1950లో, 1967లో సైనిక పరిశోధన చేయబోమని ప్రకటించి, 2017లో మళ్లీ ఆ మాట మీదే నిలబడింది. 2018లో దక్షిణ కొరియాలోని కైస్ట్ అనే విశ్వవిద్యాలయం ఒక ఆయుధ కంపెనీతో కలిసి కృత్రిమ మేధ ప్రయోగశాల పెడితే, యాభై మందికి పైగా విదేశీ శాస్త్రవేత్తలు ‘మీతో కలిసి పని చేయం’ అన్నారు. మనిషి అదుపు లేని ఆయుధాలు చేయబోమని దాని అధ్యక్షుడు మాటిచ్చాకే ఊరుకున్నారు. నిరసన పేరుతో తప్పులూ జరిగాయి. 1970లో అమెరికాలోని మాడిసన్‌లో సైనిక గణిత కేంద్రమని బాంబు పెడితే, దానితో ఏ సంబంధమూ లేని భౌతికశాస్త్ర పరిశోధకుడొకడు చచ్చిపోయాడు. దాన్ని ఎవరు సమర్థిస్తారు? మనవాళ్లు మాత్రం తెచ్చింది ఒక ఫ్లెక్సీ, రెండు ఉస్మానియా బిస్కెట్ల పొట్లాలు.

అసలు రోగం ఇంకోటుంది. నేను ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన కాలేజీలో విద్యుత్ తరంగాలను తెర మీద చూపే సీఆర్ఓ యంత్రం ఒకటి పాడైతే మూడేళ్లు బాగు కాలేదు. ఫైలు హైదరాబాద్ పోయేది, ‘కొటేషన్లు మూడు కావాలి’ అని తిరిగొచ్చేది. మూడు పంపితే ఆర్థిక సంవత్సరం అయిపోయేది. పిల్లలకు సైన్ వేవ్ బ్లాక్ బోర్డు మీదే గీసి చూపించాను. రాష్ట్రంలోని వర్సిటీల్లో అధ్యాపక పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీ, గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లతో నడుపుతున్నారు, హాస్టల్లో పప్పులో పప్పు కనబడదు. అలాంటి చోటికి ఎవరో వచ్చి కొత్త యంత్రాలు ఇస్తాం, స్కాలర్లకు ఫెలోషిప్ ఇస్తాం అంటే ఏ డిపార్ట్‌మెంట్ వద్దంటుంది? ఎండిన చేను ఏ కాలువ నీళ్లని అడుగుతుందా? అందుకే ఆ ప్రొఫెసర్ల మీద నాకు కోపం లేదు. పైసలివ్వకుండా వాళ్లను అక్కడిదాకా తోసినవాళ్ల మీద ఉంది. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వస్తుందంటే మాత్రం గేటుకు రంగులేయడానికి ఎక్కడి నుంచో డబ్బులొస్తాయి.

మీ పత్రికకు కూడా ఒక సంగతి. విలేకరి గేటు దాకా వచ్చినవాడు లోపలికి పోయి ఆ ఒప్పందం చూపించమని అడిగితే ఏమయ్యేది? ఒకప్పుడు ఈ జిల్లా విలేకరులంటే తహసీల్దార్లకు చెమటలు పట్టేవి. ఇప్పుడు ఆ తహసీల్దార్లు వాట్సాప్‌లో పంపిన ప్రెస్ నోటే వేస్తున్నారు.

చివరగా సవరణ. వచ్చినవాళ్లు ‘పది మంది’ అని రాశారు. నేను లెక్కపెట్టాను, ఇరవై రెండు మంది. కనీసం అదైనా సరిచేసి వేయండి.

— విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
వడ్డేపల్లి, హన్మకొండ