జయుడెవరు, విజయుడెవరు?

హైదరాబాదు,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ శంకరం,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఆలస్యానికి తిట్టుకోకు. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయి, పాప పరీక్షలు అయిపోయాయి, అందరం క్షేమం. ఇక అసలు సంగతి విను.

నిన్న మెహదీపట్నం దగ్గర ఒక కాలేజీలో పిల్లలు గోడపత్రిక మొదలుపెడుతూ నన్ను పిలిచారు. పి.వి. నరసింహారావు గారి తొలినాళ్ల గురించి చెప్పమన్నారు. నోరు తెరిచానో లేదో, "ఎక్స్‌ప్రెస్‌వే పి.వి. గారేనా సార్?" అన్నాడొక కుర్రాడు. వాళ్ల ఇల్లు ఆ వంతెన పక్కనేనట, ఎవరికైనా పిల్లర్ నంబరుతోనే గుర్తు చెబుతాడట. నాకు ఎంత దిగులేసిందో! పదకొండు కిలోమీటర్ల పొడవునా ఆ పేరు కిందే పెరిగాడు, ఆ మనిషి గురించి అతనికి ఎవరూ చెప్పనే లేదు.

ప్రధానమంత్రి సంగతి పక్కనపెట్టి పదిహేడేళ్ల విద్యార్థి కథ ఎత్తుకున్నాను. 1938లో వందేమాతరం పాడినందుకు నిజాం రాజ్యంలో చదువుకు తలుపులు మూసేస్తే, నాగపూర్ వెళ్లి చదువు సాగించాడని చెప్పాను. తర్వాత 1940ల్లో వరంగల్లో పాములపర్తి సదాశివరావు గారూ మరికొందరూ కలిసి 'కాకతీయ పత్రిక' అనే వారపత్రిక నడిపారు కదా, అందులో పి.వి. గారూ సదాశివరావు గారూ ఇద్దరూ 'జయ-విజయ' అన్న ఒకే కలం పేరుతో రాసేవారని చెప్పాను. వైకుంఠం వాకిట కాపలా ఉండేవాళ్ల పేరు! పత్రికలవాళ్లకు ఇంతకంటే తగిన పేరు దొరుకుతుందా చెప్పు.

అప్పుడు వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, అందులో ఏ వాక్యం ఎవరిదో కొన్నాళ్లకు వాళ్లకైనా గుర్తుండేదంటారా?"

నాకు మాట రాలేదురా. నువ్వు కళ్లముందు నిలబడ్డావు. హాస్టల్ గోడపత్రికలో మనిద్దరి 'అశ్వినులు' కలం పేరు, మైదాపిండి జిగురు, మెస్సు బియ్యంలో రాళ్ల మీద రాసిన ఆ సంపాదకీయం... వార్డెన్ "ఎవడు రాశాడు?" అంటే ఇద్దరం ఒక్కసారే "నేనే" అన్నాం. ఇప్పటికీ దాని మొదటి పేరా నీదో నాదో నాకు తెలియదు. పిల్లలకు ఇదంతా చెప్పేశాను. మేక సంగతి మాత్రం చెప్పలేదు, ఒట్టు.

మీ నాన్నగారు పోయాక నువ్వు కలం ముట్టలేదు. నేను రాస్తూనే ఉన్నాను గానీ ఏ వ్యాసం కిందా ఆ పేరు పెట్టుకోలేకపోయాను. పెట్టుకోబుద్ధి కాలేదు, ఎందుకంటే... సరే, అది నీకు తెలుసు.

వచ్చే సంచికకు వ్యాసం అడిగారు. 'అశ్వినులు' రాస్తారని మాటిచ్చేశాను. సగం రాశాను, ఈ కాగితం వెనకే ఉంది. నీకు నచ్చని వాక్యం కొట్టేయి, నన్నడగకు. మిగతా సగం

పక్కింటాయన హనుమకొండ బయలుదేరాడు, ఉత్తరం నీ చేతికే ఇస్తానన్నాడు. కింద ఆటో ఆగి ఉంది, పిలుస్తున్నాడు. ఉంటాను.

నీ
రఘు