పిల్లలు చెబితే వినండి

సంపాదకునికి,

తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని ప్రతి తల్లీ చెబుతుంది. కానీ 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో, పిల్లల్ని లైంగికంగా వేధించినవారిలో సగం మంది తెలిసినవాళ్లేనని తేలింది. పక్కింటాయన ఒళ్లో కూర్చోనని పాప మొండికేస్తే, "తప్పమ్మా, మామయ్య ఏమనుకుంటాడు?" అని మనమే నెడతాం. దయచేసి అలా చేయకండి. ఆ బిడ్డ ఎందుకు వద్దంటోందో అడగండి.

స్నానం చేయించేటప్పుడే చెప్పొచ్చు: "ఇక్కడ ఎవరైనా తాకితే, ఎవరికీ చెప్పొద్దని బెదిరించినా సరే, నాకు చెప్పు. నిన్ను కొట్టను." ఆ చివరి మాట చాలా ముఖ్యం. మగపిల్లలకూ చెప్పాలి, వాళ్లకేం భయం అనుకోవద్దు.

పరువు పోతుందని చాలామంది నోరు విప్పరు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి బిడ్డ చెప్పింది రాసుకోవాలి. బిడ్డ పేరు బయటపెట్టడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది. ఈ సంగతులు ఎంతమంది తల్లులకు తెలుసు? టీకాల రోజు అంగన్‌వాడీకి తల్లులంతా వస్తారు. అప్పుడొక అరగంట వీటి గురించి చెప్పించాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

– ఒక తల్లి, ఖమ్మం