వార్షిక నివేదిక 2025–26: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

సభ్యులందరికీ నమస్కారం.

బెంగళూరులో హెచ్‌ఆర్, ట్రైనింగ్ ఉద్యోగాల్లో ఉన్న మనం ఎందుకు కలిశామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఏడాది కార్యవర్గం నెత్తికెత్తుకున్న పని ఒక్కటే: శిక్షణ అంటే ఒకరు చెప్పడం, మిగతావాళ్లు ఫోన్లు చూసుకోవడం అన్న పద్ధతి మారాలి. నెలవారీ సమావేశాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

ముందుగా మార్చి 4 సంగతి చెప్పాలి. జాతీయ భద్రతా దినోత్సవం నాడు బెంగళూరు శివారు పారిశ్రామికవాడ బొమ్మసంద్రలోని ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికులకు ఒక పూట అగ్నిమాపక శిక్షణ ఇచ్చాం. వాళ్లలో హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు వాళ్లే ఎక్కువ. పనిలో చేరిన రోజున ఇంగ్లీషు స్లైడ్లు చూసి హాజరు పట్టీలో సంతకం పెట్టామని చెప్పారు. అన్నిచోట్లా జరిగేది అదే లెండి.

మనవాళ్లు ప్రొజెక్టర్ ఊసే ఎత్తలేదు. గోడకున్న మంటలార్పే సిలిండర్ దింపి బల్ల మీద పెట్టి, "మంట అంటుకుంది, ఎవరొస్తారు?" అన్నారు. ఒక కుర్రాడు హుషారుగా వచ్చి లివర్ నొక్కాడు. కదల్లేదు. రెండు చేతులతో నొక్కాడు. రోజూ దాని పక్కనుంచే నడిచే మనిషి. క్యాంటీన్‌లో పనిచేసే ఒకామె వెనకనుంచి "పిన్ను లాగు నాయనా!" అని అరిచింది. శిక్షకుడు అక్కడితో తన మాట ఆపి ఆమెనే ముందుకు పిలిచారు. ఇక చూడాలి ఆమె ధాటి! పిన్ను చూపించింది, సీలు తెంపింది. నూనె మంట మీద నీళ్లెందుకు పోయకూడదో పూరీల మూకుడు పేరు చెప్పి వివరించింది. తర్వాత బయట ఖాళీ స్థలంలో ట్రేలో మంట పెట్టి ఒక్కొక్కరి చేతా ఆర్పించాం. గాలికి వీపు పెట్టి నిలబడడం, మంట మొదలుకి గురిపెట్టడం, అటూ ఇటూ ఊపడం అందరికీ చేతికొచ్చింది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొమ్ము, అంటే గ్యాసు బయటికొచ్చే మూతి, పట్టుకుంటే చలికి చెయ్యి కమిలిపోతుందన్న సంగతి అక్కడి సూపర్‌వైజర్లలోనే కొందరికి తెలియదు. ఈ ఒక్క పూట చాలు, ఏడాది పడ్డ పాట్లన్నీ మర్చిపోవడానికి.

లైంగిక వేధింపుల నిరోధక చట్టంపై మారతహళ్లిలో పెట్టిన కార్యక్రమమూ బాగా నడిచింది. 2013 నాటి ఈ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం యాజమాన్యం ఎప్పటికప్పుడు అవగాహన కార్యక్రమాలు పెట్టాలి కాబట్టి కంపెనీలు పెడతాయి, ఉద్యోగులు కూర్చుంటారు, అంతే. మేం సెక్షన్లు చదవకుండా, ఒక్కో సంఘటన రాసిన కేసు కార్డులు పంచాం. రాత్రి షిఫ్టు తర్వాత కంపెనీ క్యాబ్‌లో జరిగితే అది ఆఫీసు కిందికి వస్తుందా, రాదా? ఇద్దరిద్దరు మాట్లాడుకున్నాక చెప్పమన్నాం. హాలు రెండుగా చీలి గట్టిగా వాదించుకుంది. వస్తుందని చట్టం చదివి చూపించేసరికి అందరికీ అది గుర్తుండిపోయింది.

ఇలా ముందు ఎవరికి వారు ఆలోచించి, పక్కవాళ్లతో మాట్లాడి, ఆ తర్వాత అందరికీ చెప్పే పద్ధతిని 1981లో అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ బడిపిల్లల కోసం రూపొందించారు. పెద్దవాళ్లకూ ఇంతకన్నా తేలికైన దారి నాకు కనబడలేదు. చివర్లో "డౌట్లు ఏమైనా ఉన్నాయా?" అని అడిగి మౌనాన్ని అంగీకారం అనుకోవడం ఇకనైనా మానుకుందాం. క్విజ్ యాప్‌లు పెట్టినంత మాత్రాన కూడా సరిపోదు. అందులో గెలిచేది వేళ్లు చురుగ్గా ఉన్నవాళ్లే.

ఇంకో మనవి. "చదివినదాంట్లో పది శాతం, చేసినదాంట్లో తొంభై శాతం గుర్తుంటుంది" అనే బొమ్మను అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ పేరుతో వాడుతున్నవారు దయచేసి తీసేయండి. 1946లో ఆయన వేసిన 'అనుభవాల శంకువు' బొమ్మలో ఆ అంకెలు లేవు, ఎవరో తర్వాత అతికించారు.

ఫలితాల విషయంలో మాత్రం వెనకబడ్డాం. అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లుగా కొలవమన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు మేలు జరిగిందా. మనం "సెషన్ బాగుంది" ఫారాల దగ్గరే ఆగిపోయాం. కొన్నాళ్ల తర్వాత వచ్చి చూస్తామని కంపెనీలకు రాస్తే జవాబే లేదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిటర్ సంతకం అయింది. హాలు అద్దె, టిఫిన్ల ఖర్చు పెరిగాయి. మిగులు స్వల్పం. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి.

చెప్పక తప్పని మాట. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాళ్లంతా వచ్చి ఉంటే కుర్చీలు చాలేవి కావు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ పేరు చెప్పి ఎన్నిసార్లు తప్పించుకుంటారు? ఆగస్టు 2025 నుంచి ఎల్లో లైన్ మెట్రో బొమ్మసంద్ర దాకా వెళుతోంది కదా! మార్చి 4న ముఖ్య అతిథిగా వస్తానని మాటిచ్చిన ఒక అధికారి ఆ రోజు ఫోన్ కూడా ఎత్తలేదు. ఆయన కోసం కార్మికులను ఎండలో నిలబెట్టకుండా మొదలుపెట్టేశాం, మంచిదే అయింది.

స్థలమిచ్చిన ఫ్యాక్టరీ యాజమాన్యానికి, సిలిండర్లు తెచ్చి దగ్గరుండి నడిపించిన విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగికి, కన్నడంలో కార్డులు రాసిచ్చిన మిత్రులకు, టిఫిన్లు పెట్టించిన దాతలకు, సెలవు పెట్టి మరీ వచ్చిన మహిళా సభ్యులకు కృతజ్ఞతలు. పేర్లు ఇక్కడ రాస్తే ఎవరో ఒకరు తప్పిపోయి నాకు చీవాట్లు పడతాయి కనుక వేదిక మీదే పిలుస్తాం.

వచ్చే ఏడాది బెంగళూరులోని మరో పారిశ్రామికవాడ పీణ్యలో ఇలాంటి అగ్నిమాపక శిక్షణే చేయాలని ఉంది. దానికి తెలుగు, కన్నడం రెండూ వచ్చిన శిక్షకులు కావాలి. పేరిచ్చేవారు రిహార్సల్‌కు కూడా వస్తామంటేనే ఇవ్వండి. చందా బాకీ ఉన్నవారు సమావేశం మొదలయ్యేలోగా ద్వారం దగ్గర కట్టి రసీదు తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి