గడ్డి కోసే యంత్రానికి విడిభాగాలు దొరకకపోవడంపై ఫిర్యాదు

హైదరాబాద్,
12 ఆగస్టు 2025.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: 2021లో కొన్న మీ పెట్రోలు లాన్ మోవర్‌కు అసలైన విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ఏడాదికి పైగా తెలియజేయకపోవడం గురించి.

ఆర్యా,

మా కాలనీ సంక్షేమ సంఘంలో పార్కు నిర్వహణ బాధ్యత నాది. సైనిక్‌పురి సమీపంలో ఉన్న ఆ పార్కులో అర ఎకరానికి పైగా పచ్చిక ఉంది. దాన్ని కోయడానికి 21 అంగుళాల బ్లేడు ఉన్న మీ కంపెనీ యంత్రాన్ని 2021 జూన్‌లో సికింద్రాబాద్‌లోని మీ అధీకృత డీలరు వద్ద 46,500 రూపాయలకు కొన్నాం. కాలనీవాసులు నెలనెలా ఇచ్చే చందాల్లో మిగిల్చిన డబ్బుతో కొన్న వస్తువు కాబట్టి, దానికి పెట్టిన ప్రతి రూపాయికీ నేను సర్వసభ్య సమావేశంలో లెక్క చెప్పాలి. యంత్రం పనితనం మీద నాకు ఫిర్యాదు లేదన్న సంగతి ముందే చెబుతున్నాను. మూడు వర్షాకాలాలు అది ఒక్కరోజు మొరాయించకుండా పనిచేసింది. అది బాగున్నందువల్లనే దాన్ని పారేసి మరొకటి కొనడానికి మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2024 జూలైలో మా తోటమాలి గడ్డి కోస్తుండగా వానకు మట్టి కొట్టుకుపోయి పైకి తేలిన ఒక రాయి బ్లేడుకు తగిలింది. బ్లేడు వంగింది, ఇంజిను ఆగిపోయింది, ఆ తర్వాత తాడు ఎన్నిసార్లు లాగినా స్టార్టు కాకపోగా చేతిని వెనక్కి గుంజడం మొదలుపెట్టింది. మెకానిక్కు పైమూత విప్పి చూసి, ఫ్లైవీలు అనే బరువైన చక్రానికీ, అది తిరిగే ఇరుసు అయిన షాఫ్టుకూ మధ్య బిగించి ఉండే 'కీ' అనే చిన్న లోహపు ముక్క సగానికి తెగిందని, అందువల్ల స్పార్కు రావలసిన సమయానికి రావడం లేదని చెప్పాడు. అతడు చెప్పినదాన్నిబట్టి ఆ కీని మెత్తటి లోహంతో చేయడం పొరపాటు కాదు. బ్లేడు హఠాత్తుగా ఆగినప్పుడు ఆ దెబ్బను కీ తీసుకుని తాను తెగిపోయి, ఖరీదైన షాఫ్టును కాపాడాలన్నది దాన్ని తయారు చేసినవారి ఉద్దేశం. అంటే అది తెగిపోవడానికే పెట్టిన ముక్క. తెగిపోవడానికే పెట్టిన ముక్కను, తెగినప్పుడు ఎక్కడ కొనుక్కోవాలో చెప్పకుండా యంత్రాన్ని ఎలా అమ్మారన్నది నా మొదటి ప్రశ్న.

మీ వెబ్‌సైటులో హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాలకు కలిపి మూడు సర్వీసు కేంద్రాల చిరునామాలు ఉన్నాయి. మూడింటికీ నేనే స్వయంగా వెళ్లాను. మొదటి చిరునామాలో ఇప్పుడు ఫర్నిచర్ దుకాణం నడుస్తోంది. రెండవచోట యజమాని మర్యాదగానే కూర్చోబెట్టి, మీ కంపెనీ సరుకు తాను వదిలేసి రెండేళ్లయిందని, తన పేరు తీసేయమని మీకు రెండుసార్లు రాశానని చెప్పాడు. మూడవచోట పూర్తి డబ్బు ముందే కడితే నాలుగు వారాల్లో తెప్పిస్తామన్నారు. కీ, బ్లేడు, బ్లేడును షాఫ్టుకు పట్టి ఉంచే అడాప్టరు, ఈ మూడింటికీ కలిపి 3,850 రూపాయలు కట్టాను. నాలుగు వారాలు పదకొండు వారాలయ్యాయి. అక్టోబరులో వచ్చిన డబ్బాలో కీ లేదు, అడాప్టరు వేరే మోడలుది, బ్లేడు 19 అంగుళాలది. తిరిగి ఇచ్చేస్తామంటే, కంపెనీ వెనక్కి తీసుకోదు కాబట్టి తామూ తీసుకోలేమన్నారు. మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేస్తే డీలరును అడగమంటారు, డీలరును అడిగితే టోల్‌ఫ్రీకి చేయమంటాడు. నేను పంపిన మూడు ఈమెయిళ్లకు ఫిర్యాదు సంఖ్యలు వచ్చాయి తప్ప ఒక్క మనిషి రాసిన జవాబు రాలేదు.

ఆ తర్వాత రాణిగంజ్ వెళ్లాను. పంపులు, ఇంజిన్లు, బేరింగులు, బోల్టుల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే బజారు అది. అక్కడి వ్యాపారులు నన్ను అడిగిన మొదటి మాట ఒకటే: "పార్టు నంబరు చెప్పండి." నా దగ్గర లేదు. మీరు యంత్రంతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఎలా నడపాలో, ఎంత నూనె పోయాలో ఉంది కానీ, భాగాలను విడదీసి చూపించే బొమ్మ గానీ, వాటి నంబర్ల పట్టిక గానీ లేవు. పెద్దాయన ఒకరు విరిగిన కీ ముక్కలను చేతిలోకి తీసుకుని చూసి, కొలత దగ్గరగా ఉన్న ఉక్కు కీ ఒకటి ఉంది కానీ దాన్ని వేయవద్దని, ఈసారి రాయి తగిలితే కీకి బదులు షాఫ్టు వంకరపోతుందని తనంతట తానే హెచ్చరించాడు. అమ్ముకుంటే వచ్చే లాభాన్ని కాదని అతడు చెప్పిన ఆ ఒక్క మాట, ఈ ఏడాదిలో మీ కంపెనీ తరఫున నేను విన్న అన్ని మాటలకన్నా విలువైనది.

స్పార్కు ప్లగ్గు విషయంలో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ప్లగ్గు మీదనే దాని నంబరు ముద్రించి ఉంది. మా వీధి చివరి ఆటోమొబైల్ కొట్టులో ఆ నంబరు చెబితే నిమిషంలో ఇచ్చారు. మా సొంత ఊరు వరంగల్ జిల్లాలో ఉంది, అక్కడ మండల కేంద్రంలో కూడా బోరు మోటారుకు బుష్షో, ఇంపెల్లరో, సీలో కావాలంటే మోటారు మీది పలక చూసి నంబరు రాసుకెళ్తే సాయంత్రానికి పొలంలో నీళ్లు పారతాయి. ఆ చిన్న కొట్ల వెనుక ఏ మాయా లేదు. తయారీదారు నంబరు ఇచ్చాడు, ఆ నంబరు కొట్టువాడికి తెలుసు, అంతే. రైతుకు దొరికే ఆ సౌకర్యం, దాదాపు యాభై వేలు పెట్టి కొన్న యంత్రానికి రాజధాని నగరంలో ఎందుకు దొరకదు?

చివరికి 2024 డిసెంబరులో ఆన్‌లైన్‌లో మీ కంపెనీ గుర్తుతో, 'ఒరిజినల్' అన్న మాటతో అమ్మకానికి ఉన్న బ్లేడును 1,290 రూపాయలకు తెప్పించాను. దాన్ని పాత బ్లేడు పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిపించాం. పాతది 3 మిల్లీమీటర్ల మందం ఉంటే ఇది రెండున్నర కూడా లేదు. నడిమి రంధ్రం వదులుగా ఉంది, రెండు వైపులా బరువు సమంగా లేదు, మేకుకు తగిలిస్తే ఒక రెక్క నేలకు వాలిపోయింది. ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర లేదు, తయారైన నెల, సంవత్సరం లేవు, తయారుచేసినవారి పేరు, చిరునామా లేవు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఈ వివరాలన్నీ ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద 2011లో చేసిన నియమాలు చెబుతున్నాయి. ఆ ప్యాకెట్ ఫోటోలు పంపి, ఇది మీదా, నకిలీదా అని 2025 జనవరి 6న మిమ్మల్ని అడిగాను. దానికీ ఒక ఫిర్యాదు సంఖ్య వచ్చింది.

ఇందులో డబ్బు నష్టం ఒక్కటే ఉంటే ఇంత పట్టుబట్టేవాణ్ణి కాదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు 21 అంగుళాల బ్లేడు కొసలు గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. వదులుగా పట్టిన, బరువు సమంగా లేని బ్లేడు ఆ వేగంలో ఏం చేస్తుందో మీ ఇంజనీర్లకు నేను చెప్పనవసరం లేదు. బేరింగు, ఆయిల్ సీలు పోవడం వాటిలో చిన్న నష్టం. ఆ యంత్రం వెనుక నిలబడేది పదకొండేళ్లుగా మా పార్కును కన్నబిడ్డలా చూసుకుంటున్న మనిషి, దాని చుట్టుపక్కల సాయంత్రం ఆడుకునేది మా పిల్లలు. అందుకే ఆ బ్లేడును బిగించనివ్వలేదు.

మూడవచోటి డీలరును పదేపదే అడగగా 2025 మార్చిలో కీ, సరైన బ్లేడు ఎట్టకేలకు వచ్చాయి. పాత అడాప్టరు ఇంకా పనికొస్తుందని మెకానిక్కు చెప్పడంతో ఊపిరి పీల్చుకున్నాం. జూన్‌లో బ్రేకు కేబుల్ తెగింది. చేతిపిడి మీద ఉండే కడ్డీని వదిలేస్తే 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలని మీ పుస్తకంలోనే ఉంది. ఆ పని చేయించేది ఈ కేబులే. మీ డీలరు ఈసారి ఆరు వారాలన్నాడు. వచ్చిన మెకానిక్కు, ఇంజిను దగ్గరి బ్రేకు మీటను తీగతో కట్టేస్తే కేబుల్ లేకుండానే నడుస్తుందని, నగరంలో చాలామంది అలాగే నడుపుతున్నారని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కానీ ఒక చిన్న కేబుల్ దొరకనందువల్ల మనుషులు ప్రాణరక్షణ ఏర్పాటునే కట్టిపడేసి యంత్రాన్ని నడిపే పరిస్థితి వస్తే, దానికి ఆ మెకానిక్కును నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. ఈ రెండు నెలల్లో వానలకు గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. పాములకు భయపడి పెద్దవాళ్లు పొద్దుటి నడక మానేశారు. బ్రష్ కట్టర్ కిరాయికి తెచ్చి రెండుసార్లు కోయించాం, పచ్చిక ఎత్తుపల్లాలుగా మిగిలింది, కొన్నిచోట్ల వేరుదాకా తెగి మట్టి బయటపడింది.

పెట్రోలు గురించి కూడా ఒక స్పష్టత కావాలి. 10 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడవచ్చని మీ పుస్తకంలో రాశారు. దేశంలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు మా చుట్టుపక్కల బంకుల్లో దొరికేది అదే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుందని, పాత రకం రబ్బరు భాగాలను పాడు చేయగలదని అందరికీ తెలుసు. మా యంత్రంలో పెట్రోలు పైపు ఇప్పటికే పగుళ్లిచ్చింది, కార్బ్యురేటర్ గాస్కెట్టు దగ్గర చెమ్మ కనబడుతోంది. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి పెడుతున్నాం, మా చేతిలో ఉన్న జాగ్రత్త అంతవరకే. 20 శాతానికి తట్టుకునే పైపు, గాస్కెట్లు మీరు తయారుచేస్తున్నారా, చేస్తుంటే వాటి నంబర్లేమిటి అన్నది కంపెనీ తప్ప మరెవరూ చెప్పలేని సంగతి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై సంఘాన్ని వేసి, అదే ఏడాది డిసెంబరు 24న అందుకోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగాలు, మరమ్మతు వివరాలు కొనుగోలుదారులకు బహిరంగంగా అందాలన్నదే దాని ఉద్దేశం. అందులో మీ కంపెనీ పేరు కోసం వెతికాను, కనబడలేదు. ఇక నకిలీ వస్తువులను అమ్మకానికి పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య పద్ధతిగా పేర్కొంటోంది. మీ గుర్తుతో అమ్ముతున్న ఆ బ్లేడు నకిలీది అయితే, దాని మీద చర్య తీసుకోవలసిన అవసరం నాకన్నా మీకే ఎక్కువ.

కాబట్టి కోరుతున్నదేమంటే, మొదట బ్రేకు కేబుల్‌ను, పెట్రోలు పైపును, కార్బ్యురేటర్ గాస్కెట్ల సెట్టును న్యాయమైన ధరకు నేరుగా మా చిరునామాకు పంపించండి. మా దగ్గర ఉండిపోయిన తప్పు బ్లేడును, అడాప్టరును వెనక్కి తీసుకుని ఆ సొమ్ము తిరిగి ఇప్పించండి. ఇవి మా ఒక్కరి కోసం. అందరి కోసం అడుగుతున్నవి ఇంతకన్నా ముఖ్యమైనవి: ప్రతి మోడలుకూ భాగాల బొమ్మను, నంబర్ల పట్టికను, పాత నంబరు మారితే దాని స్థానంలో వచ్చిన కొత్త నంబరును వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెట్టండి. మూతపడిన డీలర్ల పేర్లు తీసేసి, ప్రస్తుతం నిజంగా సరుకు ఉంచుతున్నవారి పేర్లు మాత్రమే ఉంచండి. బ్లేడు, కీ, కేబుల్, ఎయిర్ ఫిల్టరు వంటి తరచుగా మార్చవలసిన భాగాలైనా కనీసం ఒక్క రాణిగంజ్ దుకాణంలో దొరికేలా చూడండి. మోడలు అమ్మకం ఆపేసిన తర్వాత ఎన్నేళ్లపాటు విడిభాగాలు ఇస్తారో రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ మాట ముందే తెలిస్తే కొనేవాడు దాన్నిబట్టి నిర్ణయించుకుంటాడు.

కొనుగోలు బిల్లు, డీలరుకు కట్టిన 3,850 రూపాయల రసీదు, ఆన్‌లైన్ బ్లేడు ప్యాకెట్ ఫోటోలు, యంత్రం మీది సీరియల్ నంబరు పలక ఫోటో, నా ఈమెయిళ్ల నకళ్లు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. ఉత్తరం అందిన 15 రోజుల్లో బాధ్యత గల అధికారి సంతకంతో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ (ఫోను నంబరు 1915)లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలని మా కార్యవర్గం తీర్మానించింది. అంతదాకా రాకూడదనే నా కోరిక. సెప్టెంబరు వానల్లోపు కేబుల్ చేరితే మా తోటమాలి ఆ యంత్రాన్ని మళ్లీ బయటికి తీస్తాడు. నూనె మార్చి, బ్లేడు పదును పెట్టి, గుడ్డ కప్పి సిద్ధంగా ఉంచాడు.

భవదీయుడు,
పార్కు నిర్వహణ కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం.