వీధి చివర మలుపు: సెప్టెంబరు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎఫ్‌ఏ-2 పరీక్షలు ముగిశాయి. దిద్దిన జవాబు పత్రాలు పిల్లల చేతికి ఇచ్చాం. చూసి, సంతకం చేసి పంపండి. దసరా సెలవులకు ముందు రోజు బడిలో బతుకమ్మ ఆడతాం. తంగేడు, గునుగు పూలు దొరికినవారు ఆ ముందు సాయంత్రమే పంపితే పేర్చడానికి వీలుగా ఉంటుంది. ఈ నెల లేఖలో మిగిలిన చోటంతా ఒకే విషయానికి వాడుకుంటున్నాను. అది మన వీధి హబ్సిగూడ పెద్ద రోడ్డులో కలిసే మలుపు గురించి.

నాకు 52 ఏళ్లు. ఈ వేసవిలో మొదటిసారి కారు నడపడం నేర్చుకున్నాను. లెర్నర్స్ లైసెన్సు వచ్చాక కనీసం 30 రోజులు ఆగితేగానీ అసలు పరీక్షకు వెళ్లనివ్వరు. ఆ నెల రోజులూ ముందూ వెనుకా ఎర్రటి ‘ఎల్’ అక్షరం అంటించుకుని, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని ఉప్పల్, తార్నాక, నాచారం తిరిగాను. క్లచ్చూ గేర్లూ వారంలో చేతికి వచ్చాయి. ఎంతకీ రానిది వీధిలోంచి పెద్ద రోడ్డులోకి కలవడం. మన ఊళ్లో అందరూ చేసినట్టే నేనూ బండి ముక్కు కాస్త బయటపెట్టి, ఎవరో ఒకరు ఆగకపోతారా అని చూసేదాన్ని. శిక్షకుడు తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు టక్కున తొక్కి, ‘మేడం, మీ వల్ల అవతలి బండి బ్రేకు వేయవలసి వస్తే మీరు తప్పు చేసినట్టే’ అన్నారు. ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, ఇంత పొట్టి నిర్వచనం ఏ పుస్తకంలోనూ చూడలేదు. అన్నట్టు, పరీక్షలో మొదటిసారి తప్పాను. ఈ కబురు పదో తరగతికి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

దారి ఇవ్వడమంటే ఆయన చెప్పినదే. చిన్న రోడ్డులోంచి వచ్చేవారు పెద్ద రోడ్డు మీద వెళ్తున్నవారికి దారి ఇవ్వాలి. మలుపు తిరిగేవారు నేరుగా వెళ్లేవారి కోసం ఆగాలి. గుండ్రటి కూడలిలో అప్పటికే తిరుగుతున్న బండిదే ముందు. రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే, తిరుగుతున్న బండే నిలబడాలి. ఇవన్నీ 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్నవే. హారన్ గట్టిగా కొట్టినవారిది దారి అనిగానీ, లైట్లు ఆర్పి వెలిగించినవారిది దారి అనిగానీ వాటిలో ఎక్కడా లేదు.

ఎంత ఖాళీ దొరికితే కదలాలి? దీనికి తొమ్మిదో తరగతి పిల్లలు లెక్క వేశారు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఆగి ఉన్న కారు ఎడమకు తిరిగి, రోడ్డులో కుదురుకుని, మిగతా బండ్ల వేగం అందుకోవడానికి ఐదు సెకన్లు అనుకుందాం. ఆ ఐదు సెకన్లలో 40 మీద వచ్చే బండి 55 మీటర్లు దాటేస్తుంది. మన బడి మైదానం పొడవు అంత లేదు. అంటే మైదానం అవతలి గోడకు కాస్త అవతల ఉన్నా సరే, 55 మీటర్ల కంటే దగ్గరలో బండి కనిపిస్తోందంటే ఆ ఖాళీ మీది కాదు, తర్వాతి దాని కోసం ఆగండి. వచ్చేది 60 మీద ఉంటే మరింత దూరం చూసుకోవాలి. ద్విచక్ర వాహనం సన్నగా ఉంటుంది కనుక ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు తోస్తుంది. దాని విషయంలో కంటిని పూర్తిగా నమ్మకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో నేను వీధి చివర నిలబడి చూస్తున్నాను. ఉప్పల్ వైపు నుంచి వచ్చేవారు ముందుకు వెళ్లి, యూ టర్న్ తీసుకుని, మన వైపు రోడ్డులోకి రావాలి. ఆ చుట్టు తప్పించుకోవడానికి కొందరు ఇవతలి యూ టర్న్ దగ్గరే తిరిగి, రోడ్డు అంచున ఎదురు దిశలో బండి నడుపుకుంటూ వస్తున్నారు. వెనుక సీట్లో పిల్ల, ఆ పిల్ల వీపున సంచీ. ‘అంచునే కదా వస్తున్నాం, మెల్లగానే కదా’ అని ఒక తండ్రి నాతో అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మూల ఎందుకంత ప్రమాదమో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు.

మన వీధిలోంచి ఎడమకు తిరిగే డ్రైవరు ఎటు చూస్తాడు? కుడివైపు. వాహనాలు వచ్చేది అటునుంచే. మెడ కుడికి తిప్పి, ఖాళీ కోసం కాచుకుని, దొరకగానే బండిని ఎడమకు తిప్పి వేగం పెంచుతాడు. ఎదురు దిశలో వచ్చే స్కూటరు సరిగ్గా ఆ ఎడమ మూలకే వస్తుంది. అంటే నిబంధన ప్రకారం నడుచుకుంటున్న మనిషి చూడనవసరం లేని చోట మీరు మీ బిడ్డతో సహా నిలబడ్డారన్నమాట. ఆ డ్రైవరు ఎంత జాగ్రత్తపరుడైతే అంత శ్రద్ధగా కుడికే చూస్తాడు. నేను కారు నేర్చుకోకముందు ఈ మాట నాకూ తట్టలేదు. పదేళ్లుగా ఆ మూలనే నడిచి వస్తున్నాను మరి.

యూ టర్న్ దగ్గర మరో చిక్కుంది. మెట్రో పిల్లర్లు. మనకు అడ్రసు చెప్పుకోవడానికి అవి బాగా పనికొస్తాయి గానీ, తిరిగేవాళ్ల చూపుకు అడ్డం. డివైడరు సందులో ఆగినప్పుడు ఒక పిల్లరు వెనుక మోటారు సైకిలు మొత్తం దాగిపోతుంది. అందుకని ఒకసారి చూసి కదలకండి. కాస్త ముందుకు వంగి, చూసి, ఒక క్షణం ఆగి మళ్లీ చూడండి. మొదటి చూపుకు పిల్లరు చాటున ఉన్నది రెండో చూపుకు బయటికి వచ్చి ఉంటుంది. యూ టర్న్ కోసం చివరి నిమిషంలో ఎడమ అంచు నుంచి రోడ్డంతా కోసుకుంటూ రాకుండా, చాలా ముందే ఇండికేటరు వేసి డివైడరు పక్కకు చేరండి. ముందున్న బండి సందులో ఆగి ఉంటే దాని పక్కన మరో వరుస కట్టకండి. అలా చేస్తే వచ్చే బండ్లు ఇద్దరికీ సరిగా కనిపించకుండా పోతాయి.

బస్సుల మాట కూడా చెప్పాలి, ఇది మాకు బాగా సరదాగా గడిచింది. మలుపులో బస్సు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో నడవవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. పోయిన వారం మన బడి బస్సు ఎడమ చక్రాలను తడిపి, మైదానంలో మందంగా ముగ్గు చల్లి, డ్రైవరు గారిని మెల్లగా ఎడమకు తిప్పమన్నాం. నేల మీద రెండు వేర్వేరు గీతలు పడ్డాయి. పిల్లలు టేపు పట్టి కొలిస్తే వెడల్పైన చోట వాటి మధ్య మీటరుకు పైనే ఉంది. తర్వాత తరగతిలో పైథాగరస్‌తో సరిచూశారు. ముందు చక్రం 8 మీటర్ల వ్యాసార్థంలో తిరిగి, రెండు ఇరుసుల మధ్య 4.2 మీటర్లు ఉంటే తేడా 1.19 మీటర్లు. ఒక స్కూటరూ దాని మీద ఇద్దరు మనుషులూ పట్టేంత చోటు! ఎడమకు తిరగబోయే బస్సు పక్కన ఖాళీగా కనిపించే సందు అదే, రెండు సెకన్ల తర్వాత ఉండనిదీ అదే. ఆర్టీసీ సిటీ బస్సులు ఇంకా పొడవు కనుక కోత ఇంకా ఎక్కువ. ‘అందుకే ఆ అంకుల్ ముందు కుడికి జరిగి తర్వాత ఎడమకు తిప్పుతాడా!’ అని ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు. అవును, అందుకే. వెనుక ఉన్నవారు అది చూసి ‘కుడికి పోతున్నాడు’ అనుకుని ఎడమ సందులో దూరుతారు.

ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. అక్కడ కలిసే తీరు వేరు. వీధి చివర ఆగి చూడాలి. అక్కడ ర్యాంపు చివర ఆగితేనే ప్రమాదం. గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు ఉన్న రోడ్డు అది. ర్యాంపు మీదే వేగం పెంచుకుని, అద్దంలో చూసి, అద్దానికి అందని మూలను మెడ తిప్పి చూసి, వాహనాల వేగానికి సమానమయ్యాక ఎడమ వరుసలోకి ఒదగాలి. నాకింకా అక్కడికి వెళ్లే ధైర్యం చాలలేదు. శిక్షకుడు తీసుకెళ్తానన్నారు, నేనే వాయిదా వేస్తున్నాను.

మరో మాట, దీన్ని మెత్తగా చెప్పలేను. పై తరగతుల పిల్లల స్కూటర్లు రెండు వీధుల అవతల, కిరాణా కొట్టు పక్కన నిలుస్తున్నాయని తెలుసు. 16 ఏళ్లకు చట్టం అనుమతించేది గేర్లు లేని 50 సీసీ లోపు బండినే, అదీ మీ అంగీకారంతో, లైసెన్సుతో. మీ ఇళ్లలో ఉన్నవి 110, 125 సీసీలవి. వాటికి 18 నిండాలి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పదిహేనేళ్లవాడికి బ్యాలెన్సు బాగానే తెలుసు. ఎదుటి బండి ఎన్ని సెకన్లలో తన దగ్గరికి వస్తుందో అంచనా కట్టడం తెలియదు. 52 ఏళ్లకు నాకే ఆ అంచనా రావడానికి నెల పట్టింది. దసరా తర్వాత ఏ పిల్లవాడైనా బండి మీద వస్తే తాళం నా బల్ల మీద ఉంటుంది. మీరు వచ్చి తీసుకెళ్లాలి.

సెలవుల తర్వాత గేటు దగ్గర ఏర్పాటు మారుతుంది. వాహనాలు ముందు గేటులో లోపలికి వచ్చి, పిల్లలను దింపి, పక్క గేటు నుంచి బయటికి వెళ్తాయి. తార్నాక వైపు వెళ్లవలసినవారు కూడా వీధి చివర ఎడమకే తిరిగి, ఉప్పల్ వైపు ఉన్న యూ టర్న్ దాకా వెళ్లండి. ఈ చుట్టు వల్ల పిల్లలకు ఆలస్యమైతే మొదటి పది నిమిషాలు లెక్కలోకి తీసుకోవద్దని తరగతి టీచర్లకు చెప్పాను. ద్విచక్ర వాహనం మీద కూర్చునే నాలుగేళ్లు దాటిన పిల్లలందరికీ హెల్మెట్ తప్పనిసరి. వాటిని పెట్టుకోవడానికి ప్రతి తరగతి గదిలో అర ఒకటి ఖాళీ చేయించాం.

వచ్చే శనివారం జవాబు పత్రాల గురించి మాట్లాడటానికి వచ్చినప్పుడు మైదానం వైపు ఒకసారి వెళ్లి చూడండి. వాన పడకపోతే ముగ్గు మీద బస్సు చక్రాల గీతలు అప్పటికీ ఉంటాయి. ఏ గీత ఏ చక్రానిదో పిల్లలు సుద్దతో పేర్లు రాసి పెట్టారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు